కుర్ర పిచర్‌ని ఒక్క చూపులో తేల్చేయడం ఎలా?

జూలై వచ్చిందంటే అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్. ముప్ఫై జట్లు వంతులవారీగా, ఇరవై రౌండ్లలో, హైస్కూలు, కాలేజీ కుర్రాళ్ళను ఏరుకుంటాయి. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లల పుణ్యమా అని ఈమధ్యే ఈ ఆటలో పడ్డ మనవాళ్ళకు ఆ రాత్రి పెద్ద గండం. టీవీలో పద్దెనిమిదేళ్ళ పిచర్ ఒకడు కొత్త టోపీ పెట్టుకుని వాళ్ళమ్మను కావలించుకుంటూ ఉంటాడు. "ఎలా వస్తాడంటావ్ బావా?" అని పక్కనున్నవాడు అడుగుతాడు. అక్కడ నీళ్ళు నమిలారో, పరువు గంగలో కలిసినట్టే.

హిట్టర్ గురించి ఎవరైనా నాలుగు ముక్కలు చెప్పగలరు. హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన పిచర్ గురించి చెప్పడానికే గుండె కావాలి. అసలీ సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. ఊరూరా స్కౌట్లను తిప్పే జట్లకు కూడా తెలియదు. ఎవరికీ తెలియని చోట గొంతు పెద్దదున్నవాడిదే రాజ్యం కాబట్టి, ఆ గొంతు ఎలా పెంచాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు రాడార్ గన్. హైస్కూలు మైదానంలో హోమ్ ప్లేట్ వెనక, వలకు ఇవతల, స్కౌట్లు వరసగా కూర్చుంటారు. మౌండ్ మీద కుర్రాడు కాలెత్తగానే గన్‌లున్న చేతులన్నీ ఒకేసారి లేస్తాయి. బంతి క్యాచర్ గ్లవ్‌లో టప్పున పడగానే తలలన్నీ ఒకేసారి కిందికి వంగుతాయి, గన్ మీద వెలిగే అంకె కోసం. క్యాచర్ గ్లవ్ ఎక్కడ పట్టాడు, బంతి ఎక్కడికి వచ్చింది, దాన్ని అందుకోవడానికి అతను ఎంత ఒరగాల్సి వచ్చింది అన్నవన్నీ ఆ తలలు వంచిన క్షణంలోనే అయిపోతాయి. మీరూ తల వంచండి. అంకె 95 మైళ్ళు, అంటే గంటకు 153 కిలోమీటర్లు దాటిందా, "వీడు దొరికాడు" అనండి. 100 తాకిందా, ఇక చర్చే లేదు.

2014లో టైలర్ కోలెక్ అనే టెక్సస్ కుర్రాడు 100 దాటించాడు. మయామీ మార్లిన్స్ రెండో పిక్‌గా తీసుకుని 60 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది. 2016లో మోచేతికి ఆపరేషన్ అయింది, మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. 2016లో కాన్సస్ కుర్రాడు రైలీ పింట్ 102 చూపించాడు. కొలరాడో రాకీస్ నాలుగో పిక్‌గా తీసుకుంది. బంతి ప్లేటు మీదికి రానని మొరాయిస్తే, అతను 2021లో ఆటే మానేసి, మళ్ళీ మనసు మార్చుకుని వచ్చి, 2023లో గాని పైకి చేరలేదు. ఈ రెండు కథలూ ఎవరైనా ఎత్తితే, గన్ తప్పు చెప్పలేదు కదా అని అడగండి. నిజమే, చెప్పలేదు. కోలెక్ నిజంగానే అంత వేగంగా వేశాడు.

పోలీసులు కార్ల వేగం పట్టే తుపాకిని బేస్‌బాల్‌కు తెచ్చిన ఆలోచన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ డానీ లిట్‌వైలర్‌ది. అది 1974. మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో వేరే చోటి టెండన్‌ను కట్టే ఆపరేషన్ డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేసింది కూడా 1974లోనే, సెప్టెంబర్ 25న. ఈ రెండూ ఒకే ఏడు పుట్టడం కాకతాళీయమే. దాని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు. మేజర్ లీగ్ వాళ్ళే 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక విడుదల చేసి, పిచర్ల గాయాలకు వేగం మీది మోజు, ప్రతి బంతినీ ఒళ్ళంతా కూడదీసుకుని విసరడం ముఖ్య కారణాల్లో ఉన్నాయని రాశారు. అది చాలా పెద్ద నివేదిక. చదవకపోయినా నష్టం లేదు.

"మరి కంట్రోల్ ఎలా ఉంది బావా?" అని నసిగేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి కోసం నోలన్ ర్యాన్ పేరు జేబులో పెట్టుకోండి. కెరీర్ మొత్తం మీద 2,795 వాక్స్ ఇచ్చాడు, చరిత్రలో అంతమందిని ఊరికే బేస్‌కు పంపినవాడు లేడు. 5,714 మందిని స్ట్రయికవుట్ చేసినవాడూ ఇంకొకడు లేడు. కాబట్టి కంట్రోల్ అనవసరం. ర్యాన్ లాగా గురి తప్పి, ర్యాన్ కాలేక మైనర్ లీగ్ బస్సుల్లోనే వయసైపోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు గనక మీకు ఎదురుండదు. పైగా టెక్సస్‌లో కూర్చుని ర్యాన్ మాటకు అడ్డు చెప్పేంత ధైర్యం ఎవరికుంది?

ఒక్కటి మాత్రం బయటపెట్టకండి. అదే ర్యాన్‌ను 1965లో, డ్రాఫ్ట్ మొదలైన తొలి ఏడే, న్యూయార్క్ మెట్స్ పన్నెండో రౌండులో తీసుకుంది. అతనికన్నా ముందు 294 పేర్లు పిలిచారు. స్కౌట్ రెడ్ మర్ఫ్‌కు కుర్రాడంటే ప్రాణం. పై అధికారి స్వయంగా చూడటానికి ర్యాన్ ఊరు ఆల్విన్‌కు రావడానికి ముందు రోజే, ఓడిపోయారన్న కోపంతో హైస్కూలు కోచ్ జట్టంతటి చేతా వాంతులయ్యేదాకా పరుగులు పెట్టించాడు. మర్నాడు ర్యాన్ చెయ్యి లేవలేదు, పెద్దాయన పెదవి విరిచాడు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది స్పష్టమే: ఒక్కసారే చూడండి. రెండోసారి చూస్తే మొదటి అభిప్రాయం చెడిపోతుంది.

ఇక ఒడ్డూ పొడుగూ. ఆరడుగుల నాలుగంగుళాలు, విశాలమైన భుజాలు, సన్నటి నడుము, పొడుగాటి వేళ్ళు. ఇంకా ఒళ్ళు చేయాల్సిన శరీరం అయితే మరీ మంచిది, ఎందుకంటే రాబోయే పదిహేను కిలోలూ కండే అవుతాయని మీరు హామీ ఇవ్వొచ్చు. స్కౌట్లు తల్లిదండ్రులను కూడా ఎగాదిగా చూస్తారు, వీడు ఇంకెంత ఎదుగుతాడో అంచనా వేయడానికి. పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్ల మేనమామలను పరీక్షించిన అనుభవం మనకుంది గనక ఈ పని మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ముఖవర్చస్సు కూడా చూడండి. 'మంచి మొహం' ఉందా లేదా అని స్కౌట్లు ఒకప్పుడు నిజంగానే మాట్లాడుకునేవారు.

లాస్ వేగాస్‌లోని వ్యాలీ హైస్కూలు నుంచి 1984లో ఒక బక్కపల్చటి కుర్రాడు వచ్చాడు. కాస్త దేహం ఉంటే దేశంలోకెల్లా వీడే నంబర్ వన్ అయ్యేవాడని స్కౌట్ తన రిపోర్టులో రాశాడు. దేహం లేదు. రెండో రౌండులో, 31వ పిక్‌గా చికాగో కబ్స్ తీసుకుంది. ఆ గ్రెగ్ మ్యాడక్స్ 355 ఆటలు గెలిచి, 1992 నుంచి 1995 దాకా వరసగా నాలుగు సార్లు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు పట్టుకుపోయాడు. గన్ మీద అతని అంకెలు ఎవరినీ కుర్చీలోంచి లేపలేదు. కొసన కదిలే బంతిని అనుకున్నచోట, అనుకున్నప్పుడు వేశాడు, అంతే. ఇలాంటివాడు మీ ఎదటపడితే ఏంచేయాలన్న ప్రశ్న రాదు. మీరు తల వంచి అంకె చూసుకుంటూ ఉంటారు, అతను వెళ్ళిపోతాడు.

స్కౌట్ల మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి. 50 అంటే మేజర్ లీగ్ సగటు. ఫాస్ట్‌బాల్‌కు ఒకటి, కర్వ్‌కు ఒకటి, కంట్రోల్‌కు ఒకటి అలా వేస్తారు. ప్రతిదానికీ రెండు గళ్ళు ఉంటాయి, ఇవాళ ఎంత, రేపు ఎంత అని. ఇవాళ్టి గడి చూడకండి, అందులో చాలాసార్లు 30, 35 ఉంటాయి, మనసు పాడవుతుంది. రేపటి గడిలో 60లు, 70లు ఉంటాయి. ఆ రెండు గళ్ళ మధ్య నాలుగేళ్ళు, ముగ్గురు నలుగురు కోచ్‌లు, ఒకటో రెండో ఎక్స్‌రేలు ఉన్న మాట మర్చిపోతే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఎవరూ మిమ్మల్ని వేళాకోళం చేయలేరు.

ఫాస్ట్‌బాల్, కర్వ్ కాక మూడో రకం బంతి ఉందా అని అడగొద్దు. హైస్కూల్లో 95 వేసేవాడికి చేంజప్‌తో పనిలేదు. ఎదురుగా ఉన్న పిల్లాడు ఆ సాయంత్రం లెక్కల హోమ్‌వర్క్ చేసుకోవాల్సినవాడు, ఫాస్ట్‌బాల్ కనబడకముందే బ్యాటు తిప్పేస్తాడు. అవసరం పడని బంతిని ఎవరు నేర్చుకుంటారు? పైకి వెళ్ళాక అదే 95ని చితక్కొట్టేవాళ్ళు వరసగా తొమ్మిదిమంది ఉంటారు. రెండుసార్లు బ్యాటింగ్ ఆర్డర్ తిరిగేసరికి కుర్రాడి గుట్టు రట్టవుతుంది. అది అప్పటి సంగతి.

పుట్టినతేదీ కూడా అడగొద్దు. డ్రాఫ్ట్ నాటికి పదిహేడేళ్ళవాడికీ, పందొమ్మిదికి దగ్గరపడ్డవాడికీ చాలా తేడా ఉంటుందని జట్లు లెక్కలు వేస్తాయి. సర్టిఫికెట్‌లో ఒక తేదీ, జాతకంలో ఇంకో తేదీ పెట్టుకుని బతికిన మనకు అంత పట్టింపు ఎందుకు?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా: తొందర. దీనికి డేవిడ్ క్లైడ్‌ను మించిన పాఠం లేదు గనక కాస్త నిదానంగా చెబుతాను.

1973. హ్యూస్టన్‌లోని వెస్ట్‌చెస్టర్ హైస్కూల్లో ఎడమచేతి వాటం పిచర్ క్లైడ్ ఆ ఏడు 18 ఆటలు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టెక్సస్ రేంజర్స్ అతన్ని డ్రాఫ్ట్ మొత్తంలో మొదటివాడిగా తీసుకుంది. ఆ జట్టు వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు మకాం మార్చి రెండో ఏడు. ఓడటం అలవాటు, స్టాండ్లు ఖాళీ, యజమాని బాబ్ షార్ట్ జేబూ ఖాళీ. మైనర్ లీగ్‌కు పంపి నాలుగేళ్ళు పండించే ఓపిక ఎక్కడిది? హైస్కూలు యూనిఫాం విప్పిన మూడు వారాల్లోపే, జూన్ 27న, మిన్నెసోటా ట్విన్స్ మీద మౌండ్ ఎక్కించాడు. 35,698 మంది వచ్చారు. ఆర్లింగ్టన్ స్టేడియం నిండటం అదే మొదటిసారి. దారుల్లో కార్లు ఆగిపోయి, జనం లోపలికి వచ్చేదాకా ఆట మొదలుపెట్టడమే ఆలస్యం చేశారు.

క్లైడ్ మొదటి ఇద్దరినీ వాక్ చేశాడు. రెండోవాడు రాడ్ కరూ, ఆ కాలపు హిట్టర్లలో మేటి. పద్దెనిమిదేళ్ళ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి. తర్వాతి ముగ్గురినీ స్ట్రయికవుట్ చేశాడు. స్టేడియం ఊగిపోయింది. అయిదు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ మాత్రమే ఇచ్చాడు, అది రెండు పరుగుల హోమ్ రన్. ఎనిమిదిమంది స్ట్రయికవుట్, ఏడు వాక్స్. జట్టు 4-3తో గెలిచింది. తీర్పు చెప్పాలంటే ఆ రాత్రే చెప్పేయాలి.

రెండు ఆటలు ఆడించి కుర్రాణ్ణి మైనర్ లీగ్‌కు పంపేద్దామన్నది మొదటి ఒప్పందం. టికెట్ల డబ్బు లెక్క చూశాక ఆ ఒప్పందం మాట ఎవరూ ఎత్తలేదు. ఏడాది చివరికి క్లైడ్ నాలుగు గెలిచి ఎనిమిది ఓడాడు. మరుసటి ఏడు మూడు గెలిచి తొమ్మిది ఓడాడు. భుజం నొప్పి మొదలైంది. మేజర్ లీగ్‌లో అతని చివరి ఆట 1979లో, ఇరవై నాలుగేళ్ళకు. మొత్తం 18 గెలుపులు, 33 ఓటములు. హైస్కూల్లో ఒక్క ఏడాదిలో గెలిచినన్ని ఆటలే మేజర్ లీగ్‌లో జీవితమంతా కలిపి గెలిచాడు. అయినా ఆ రాత్రి స్టేడియం నిండిన మాట అబద్ధమా?

ఇందుకు విరుద్ధంగా, 2006లో డల్లస్‌లోని హైలాండ్ పార్క్ హైస్కూలు నుంచి వచ్చిన క్లేటన్ కెర్షాను డాడ్జర్స్ దాదాపు రెండేళ్ళు కింద ఉంచి, 2008 మేలో పైకి తెచ్చింది. అతనికి మూడు సై యంగ్‌లు, 3,000 దాటిన స్ట్రయికవుట్‌లు. అతను ఏడో పిక్. ముందు వెళ్ళిన ఆరుగురిలో అయిదుగురు కాలేజీలో ఆడి వచ్చిన పిచర్లే, 'భద్రమైన' ఎంపికలు. వాళ్ళ పేర్లు అడిగితే, మొదటివాణ్ణి తీసుకున్న కాన్సస్ సిటీ వాళ్ళు కూడా ఇప్పుడు కాసేపు ఆలోచిస్తారు. కానీ ఇలాంటి ఓపిక కథలు గుంపులో రక్తికట్టవు.

మోచెయ్యి గురించి ఒక మాట. పిల్లవాడు ఏడాదంతా విసురుతున్నాడా, వసంతంలో స్కూలు జట్టు, వేసవిలో ట్రావెల్ జట్టు, శరత్కాలంలో షోకేస్‌లు, చలికాలంలో ఇండోర్ శిక్షణ అన్నీ ఉన్నాయా అని కనుక్కోండి. ఉంటే కష్టజీవి అని మెచ్చుకోండి. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆపరేషన్ అయిన కుర్రాళ్ళనూ, కానివాళ్ళనూ పోల్చి చూసి, ఏడాదికి ఎనిమిది నెలలు మించి పోటీల్లో వేసినవాళ్ళకు ముప్పు అయిదు రెట్లని, చెయ్యి అలిసినా తరచూ వేసినవాళ్ళకు 36 రెట్లని 2006లో తేల్చారు. మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో మార్గదర్శకాలు కూడా పెట్టాయి, 17, 18 ఏళ్ళవాళ్ళు రోజుకు 105 బంతులు మించొద్దని. స్టాండ్లలో కూర్చున్న తండ్రులు వాటిని ఎంత శ్రద్ధగా పాటిస్తారో ఏ శనివారం టోర్నమెంట్‌కు వెళ్ళినా తెలుస్తుంది. ఆదివారం ఫైనల్ ఉంటే మరీను.

ఆపరేషన్ అంటే భయమెందుకు? టామీ జాన్ తన 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతే గెలిచాడు. కాబట్టి అది గాయం కాదు, సర్వీసింగ్ అని వాదించండి. చెయ్యి బాగున్నా ముందే చేయించేస్తే వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు నిజంగానే ఉన్నారు. 2021లో మూడో పిక్‌గా డెట్రాయిట్ తీసుకున్న ఓక్లహోమా హైస్కూలు పిచర్ పేరు జాక్సన్ జోబ్. అతని స్లైడర్ తిరుగుడు చూసి అందరికీ కళ్ళు తిరిగాయి. 2025లో అతనికీ అదే ఆపరేషన్. డాక్టర్ జోబ్‌తో చుట్టరికం ఏమీ లేదు, గోల్ఫ్ ఆటగాడు బ్రాంట్ జోబ్ కొడుకు. 2014 డ్రాఫ్ట్‌లో కోలెక్‌కన్నా ముందు, అంటే మొట్టమొదట వెళ్ళినవాడు బ్రేడీ ఏకెన్, అతనూ హైస్కూలు పిచరే. వైద్యపరీక్షలో మోచేతి లిగమెంట్ తీరు చూసి హ్యూస్టన్ ఆస్ట్రోస్ బోనస్ తగ్గించబోయింది, బేరం చెడింది. అందరూ ఆస్ట్రోస్‌ను తిట్టారు. మరుసటి ఏడే ఆ లిగమెంట్ తెగింది. మొదటి పిక్, రెండో పిక్, ఇద్దరూ మేజర్ లీగ్ మౌండ్ ఎక్కలేదు. వైద్యపరీక్షలు శుభమా అని మొదలుపెట్టిన పనికి అపశకునం, అందుకే వాటి ఊసు వద్దంటాను.

మనసు సంగతి అసలే ఎత్తకండి. ఫ్లోరిడా హైస్కూలు నుంచి 1997లో కార్డినల్స్ తెచ్చుకున్న రిక్ ఆంకీల్ 2000లో కొత్త కుర్రాడిగానే 194 మందిని స్ట్రయికవుట్ చేశాడు. అక్టోబర్ 3న ప్లేఆఫ్ మొదటి ఆటకు అతన్నే పంపారు, ఎదుటి జట్టు నుంచి సాక్షాత్తూ మ్యాడక్స్ వేస్తున్నాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఆంకీల్ బంతులు క్యాచర్‌ను దాటి వెనక గోడకు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక్క ఇన్నింగ్స్‌లో అయిదు వైల్డ్ పిచ్‌లు. 1890 తర్వాత అలా ఎవరికీ జరగలేదు. చెయ్యి బాగానే ఉంది, వేగమూ తగ్గలేదు. గురి మాత్రం మళ్ళీ పూర్తిగా తిరిగి రాలేదు. 2007లో అవుట్‌ఫీల్డర్‌గా మారి వచ్చి, వచ్చిన రోజే హోమ్ రన్ కొట్టాడు. మనసును కొలిచే గన్ ఇంకా రాలేదు గనక, లేనట్టే లెక్క.

ఇంత గొడవెందుకు, హైస్కూలు పిచర్లనే వద్దంటే పోలేదా అనేవాళ్ళున్నారు. ఆ సిద్ధాంతానికి గుడి కట్టింది ఓక్లాండ్. 2001లో తనవాళ్ళు జెరెమీ బాండర్‌మన్ అనే హైస్కూలు పిచర్‌ను తీసుకున్నారని జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ కుర్చీ విసిరాడట. 2002లో పట్టు నెగ్గించుకుని 24వ పిక్‌గా కాలేజీ పిచర్ జో బ్లాంటన్‌ను తీసుకున్నాడు. 25వ పిక్ అఖాతం అవతలి జయంట్స్‌ది. వాళ్ళు హైస్కూలు కుర్రాడు మ్యాట్ కెయిన్‌ను తీసుకున్నారు, అతను 2012లో పర్‌ఫెక్ట్ గేమ్ వేశాడు. బ్లాంటన్ కూడా తీసిపారేయదగ్గవాడేం కాదు, నిజం చెప్పుకోవాలి. కానీ నిజం చెప్పుకుంటూ కూర్చుంటే సిద్ధాంతాలు నిలబడవు. మీకు నచ్చిన వైపు నిలబడి, రెండో వైపువాణ్ణి పాతకాలపువాడనండి, లేదా కంప్యూటర్ పిచ్చివాడనండి. రెండు తిట్లూ చెల్లుతాయి.

చివరగా మనవాళ్ళకు ప్రత్యేకం. పేరులో కుమార్ కనబడితే ఇంకేమీ చూడొద్దు. కుమార్ రాకర్ తల్లి భారత సంతతి, తండ్రి ఫుట్‌బాల్ ఆటగాడు ట్రేసీ రాకర్. 2018లో జార్జియా హైస్కూలు నుంచి అతన్ని రాకీస్ 38వ రౌండులో పిలిచింది. 38వ రౌండు అంటే పనికిరానివాడని చదువుకోండి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళడం ఖాయమని అందరికీ తెలుసు కాబట్టే అంత కిందికి జారాడని ఎవరైనా అంటే వినకండి. మరుసటి ఏడు డ్యూక్ యూనివర్సిటీ మీద 19 మందిని స్ట్రయికవుట్ చేసి నో-హిట్టర్ వేశాడు, అప్పుడు దేవుడనండి. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, వైద్యపరీక్ష చూసి ఒప్పందం కుదుర్చుకోలేదు, అప్పుడు అయిపోయాడనండి. 2022లో రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుంది, నేను ముందే చెప్పాననండి. 2023లో మోచేతి ఆపరేషన్, మళ్ళీ అయిపోయాడనండి. 2024 సెప్టెంబర్ 12న మొదటి మేజర్ లీగ్ ఆటలో నాలుగు ఇన్నింగ్స్‌కు ఏడుగురిని స్ట్రయికవుట్ చేశాడు. అప్పుడేమనాలో ఈపాటికి మీకే తెలిసి ఉండాలి. ప్రతి తీర్పూ తుదితీర్పులాగే పలకాలి, అదొక్కటే నియమం.

డ్రాఫ్ట్ రాత్రి మీ ఇంటికొచ్చిన వాళ్ళలో ఎవరైనా ఇదంతా విని, "పిల్లాడికి ఇరవై రెండొచ్చేదాకా ఆగి చూద్దాం బావా" అన్నారనుకోండి, వచ్చే జూలైకి ఆయన్ని పిలవకండి.